కచేరీని దాచిన టేపులు

మన సంఘం ప్రత్యేక సంచికకు మిత్రులందరూ సర్వీసు అనుభవాలు రాస్తున్నారు. నేను ఫైళ్ల సంగతి పక్కన పెట్టి, నాకు ఇష్టమైన కచేరీ రికార్డింగుల గురించి, అవి మన చెవిదాకా వచ్చిన చరిత్ర గురించి నాలుగు మాటలు మనవి చేస్తాను. నేను విద్వాంసుణ్ణి కాను. వినేవాణ్ణి మాత్రమే.

సినిమాకూ కచేరీకీ ఉన్న తేడా మన ప్రాంతం వారికి వేరే చెప్పనక్కరలేదు. ఎన్.టి. రామారావుగారు నెలకొల్పిన రామకృష్ణ స్టూడియో మన నాచారంలోదే. షూటింగులో షాటు బాగా రాకపోతే మళ్లీ తీస్తారు. కచేరీలో రెండో టేకు లేదు. ఆ సాయంత్రం గాయకుడి గొంతు, మృదంగం వారి చేయి, సభలో జనం ఎలా కుదిరితే అలా వచ్చిందే సంగీతం. దాన్ని ఉన్నదున్నట్టు పట్టి దాచడం అంత తేలిక కాదు.

మన దేశంలో గ్రామఫోను రికార్డింగులు 1902లో కలకత్తాలో మొదలయ్యాయి. 78 ప్లేటు ఒక పక్క మూడు, మూడున్నర నిమిషాలకు మించి పాడదు. గంటసేపు రాగం విస్తరించగలవారు కూడా ఆ మూడు నిమిషాల్లోనే ముగించేవారు. ఆ ప్లేట్లు అపురూపమైనవే, కాని వాటిలో ఉన్నది కచేరీ కాదు.

ఈ చిక్కును తీర్చింది జర్మనీలో తయారైన మాగ్నెటిక్ టేపు. 1936 నవంబరు 19న లుడ్విగ్స్‌హాఫెన్‌లో సర్ థామస్ బీచమ్ నిర్వహించిన లండన్ ఫిల్హార్మోనిక్ వాద్యబృందం కచేరీని టేపు మీద పట్టారు. అయితే మంచి శబ్దం యంత్రంతోనే రాదు. 1938 జనవరి 16న న్యూయార్కు కార్నెగీ హాల్లో బెన్నీ గుడ్‌మన్ జాజ్ కచేరీకి వేదికపైన వేలాడదీసిన ఒక్క మైకుతో, ప్లేట్ల మీదనే రికార్డింగు చేశారు. అది 1950లో ఎల్.పి.గా వచ్చి నేటికీ వినబడుతోంది. మైకు ఎక్కడ పెట్టాలో తెలియడం సగం విద్య.

ఇక మన రేడియో. హైదరాబాదులో 1935లో దక్కన్ రేడియో వచ్చింది. 1948 డిసెంబరు 1న విజయవాడ కేంద్రం మొదలైంది. 1950లో హైదరాబాదు కేంద్రం ఆకాశవాణిలో కలిసింది. 1954లో ఆకాశవాణి ప్రారంభించిన రేడియో సంగీత సమ్మేళనంలో విద్వాంసులు ఆహూతుల ఎదుట పాడేవారు. రికార్డింగుకే ఏర్పాటు చేసిన సభ కనుక మైకులు తగినచోట ఉండేవి. పెద్ద స్పూలు టేపు పావు అంగుళం వెడల్పు. సెకనుకు 19 లేదా 38 సెంటీమీటర్లు నడుస్తుంది. మనింటి క్యాసెట్టు టేపు నాలుగు మిల్లీమీటర్లకు లోపు, నడిచేది సెకనుకు అయిదు సెంటీమీటర్లకు లోపు. టేపు ఎంత వెడల్పైతే, ఎంత వేగంగా నడిస్తే శబ్దం అంత నిండుగా నిలుస్తుంది. రేడియోవారి రికార్డింగుకూ మన ఇంటి రికార్డింగుకూ తేడా అక్కడే ఉంది.

నాకు అన్నిటికన్నా ఇష్టమైనది, 1966 అక్టోబరు 23న ఐక్యరాజ్యసమితిలో కూడా పాడిన ఎం.ఎస్. సుబ్బులక్ష్మిగారి కార్నెగీ హాల్ కచేరీ. 1891 నాటి ఆ హాలు మైకులు లేని రోజుల్లో కట్టింది. గొంతు ఎంత తగ్గించినా మాట చెదరదు. ఆమె ఆపిన చోట వయొలిన్ అందుకోవడం ఎదురుగా కూర్చున్నట్టు తెలుస్తుంది.

రెండోది మన పాలకొల్లు బిడ్డ మాండలిన్ శ్రీనివాస్ (1969–2014) వాయించినది. ఆయనది అయిదు తీగల ఎలక్ట్రిక్ మాండలిన్. జాన్ మెక్‌లాఫ్లిన్, జాకిర్ హుస్సేన్‌లతో కలిసి బొంబాయిలో ఇచ్చిన కచేరీ ‘సాటర్డే నైట్ ఇన్ బాంబే’ పేరిట 2001లో సి.డి.గా వెలువడింది. ఎంత వేగంలోనైనా ఒక్క స్వరం మరొకదానిలో కలిసిపోదు.

1963లో ఫిలిప్స్ కంపెనీ క్యాసెట్టు తెచ్చాక, మనలాంటి గుమాస్తాల ఇళ్లలోకి కూడా రికార్డరు వచ్చింది. 1961లో టాగూరు శతజయంతికి కట్టిన రవీంద్రభారతిలోనో, చిక్కడపల్లి త్యాగరాయ గానసభలోనో కచేరీ అంటే ఉప్పల్ నుంచి, నాచారం నుంచి వెళ్లేవాళ్లం. ఆఖరి బస్సు కోసం మంగళం కాకుండానే లేచి రావలసి వచ్చేది. సికింద్రాబాదు వైపు ఉన్న మిత్రులు చివరిదాకా కూర్చుని టేపు చేసి ఇస్తే మిగతాది మరునాడు వినేవాళ్లం. ఆ చిన్న రికార్డర్లు శబ్దం హెచ్చుతగ్గుల్ని వాటంతటవే సర్దుకునేవి. మృదంగం గట్టిగా మోగితే పాట అణిగేది. అందరూ నిశ్శబ్దంగా ఉంటే తంబురాతోపాటు ఫ్యాను రొద కూడా పైకి లేచేది. అయినా అవి మనకు విలువైనవే. శ్రీరామనవమి పందిళ్లలో పాడిన ఎందరో స్థానిక కళాకారుల గొంతు ఏ కంపెనీ రికార్డులోనూ లేదు. అలాంటి టేపుల్లోనే ఉంది.

మా వీధిలో ఒక పెద్దాయన పోయిన నెలకే రెండు అట్టపెట్టెల క్యాసెట్లు పాత సామాన్ల బండి ఎక్కాయి. పిల్లల తప్పు కాదు. వాటి మీద ఏముందో రాసి లేదు.

కనుక పెన్షనరు మిత్రులకూ, ముఖ్యంగా వారి పిల్లలకూ నా మనవి. క్యాసెట్లను చెమ్మ తగలకుండా, స్పీకర్లకు దూరంగా, నిలువుగా పెట్టండి. బూజు పట్టినదాన్ని మంచి డెక్కులో పెట్టకండి, అది మిగతా వాటికీ అంటుతుంది. 120 నిమిషాల టేపు చాలా పలుచన కనుక మాటిమాటికీ ముందుకూ వెనక్కూ తిప్పకండి. డెక్కు హెడ్డు శుభ్రం చేసి, లైన్ అవుట్ వైరుతో కంప్యూటరులోకి ఎక్కించండి. అసలు ప్రతిని కుదించని వేవ్ ఫైలుగా ఉంచండి. ఎవరు పాడారు, ఎక్కడ, ఏ సంవత్సరం అన్నది తప్పక రాయండి.

వచ్చే సర్వసభ్య సమావేశానికి ఎవరి ఇంట్లో ఏయే టేపులున్నాయో జాబితా రాసి తీసుకురండి. జాబితాలు కలిపి రిజిస్టరు కట్టే పని నేను చేస్తాను. ముప్పై ఏళ్లకు పైగా చేసిన పనే కదా!