విడిభాగముల కంప్యూటరు పూర్వకథ



నేటి నా ప్రసంగవిషయము మీలో కొందఱికి వింతగా తోపవచ్చును. పురాణమునకును పంచాంగమునకును అలవాటుపడిన చెవులకు కంప్యూటరు భాగముల చరిత్ర యేల యని మీరు అడుగవచ్చును. కాని నేడు మన గ్రామములలో బిడ్డ ఇంటరు చదువు ముగించి పై చదువునకు పోవునప్పుడు ఇంటిలో పుట్టు మొదటి కోరిక యిదియే. చదువునకు పనికివచ్చి, సాయంకాలము కొంచెము ఆటకును అక్కఱకు వచ్చు యంత్రము కావలెనని పిల్లవాడు కోరును. ప్రత్తి యమ్మిన సొమ్ములోనుండియో, పాలకేంద్రము వారిచ్చిన సొమ్ములోనుండియో తండ్రి తీసి యిచ్చును. సంతలో ఎద్దును కొనునప్పుడు పండ్లు చూచి, సుడులు చూచి, నాలుగడుగులు నడిపించి చూచి గాని మనము బయానా ఇయ్యము. ఈ వస్తువును మాత్రము కన్నులు మూసికొని కొనుచున్నాము. దీనికిని పండ్లు చూచు పద్ధతి కలదు. అది దీని చరిత్ర తెలిసినవానికి సులభముగా పట్టుపడును.

పూర్వము పెద్ద కంప్యూటరులు కోటలవంటివి. కట్టినవానికి తప్ప లోపలి గదులు మఱియొకరికి తెలియవు. ఒక మేకు ఊడినను ఆ సంస్థవాడే రావలెను. చిన్న యంత్రములలో మూత తెఱచి చూడదగినవి కొన్ని లేకపోలేదు గాని, లోకమంతయు అనుసరించిన మార్గము 1981 ఆగస్టు 12వ తేదీన మొదలైనది. ఆనాడు ఐ.బి.ఎం. అను అమెరికా సంస్థ తన పర్సనల్ కంప్యూటరును ప్రకటించెను. దాని ప్రారంభపు వెల 1,565 డాలర్లు. జ్ఞాపకభాగము 16 కిలోబైట్లు. ఫ్లోరిడా రాష్ట్రమున బోకా రేటన్ అను ఊరిలో డాన్ ఎస్ట్రిడ్జి నాయకత్వమున ఒక చిన్న బృందము దీనిని ఇంచుమించుగా ఒక్క సంవత్సరములో సిద్ధపఱచెను. ముహూర్తము దగ్గఱపడినప్పుడు నగలు ఇంట చేయించుకొనక అంగడిలో కొన్నట్లు, వారును భాగములను బయట కొనిరి. ప్రాసెసరు ఇంటెల్ వారిది; నడిపించు వ్రాత మైక్రోసాఫ్ట్ వారిది. పైగా కార్డులు చెక్కుకొనుటకు ఐదు గాళ్లు విడిచి, యంత్రముయొక్క సాంకేతిక వివరములన్నియు గ్రంథముగా అచ్చువేసి అమ్మిరి. ఇదంతయు ఔదార్యమని నేను చెప్పను; తొందరయే ఎక్కువ. ఏది యైనను మేలు మనకు కలిగెను.

ఆ యంత్రములో ఐ.బి.ఎం. వారు తమదిగా దాచుకొన్నది బయాస్ అను చిన్న వ్రాత యొకటి. మీట నొక్కగానే భాగములనన్నిటిని మేలుకొలుపునది అదియే. దానిని నకలు చేసినచో నేరమగును. 1982లో హ్యూస్టన్ నగరమున పుట్టిన కాంపాక్ సంస్థ దీనికొక ఉపాయము పన్నెను. మీలో శాస్త్రపాఠము చదివినవారికి ఇది మిక్కిలి రుచించును. ఒక గదిలోని వారు ఆ వ్రాతను చదివి, అది యేమేమి పనులు చేయునో తాత్పర్యము మాత్రము వ్రాసి యిచ్చిరి. మూలమును కన్నులతోనైనను చూడని వారు రెండవ గదిలో కూర్చుండి, ఆ తాత్పర్యమునుబట్టి తమ సొంత మాటలతో క్రొత్త వ్రాత కూర్చిరి. భావమొకటి, పదములు వేఱు. చౌర్యమనుటకు వీలు లేకపోయెను. 1984 నాటికి ఫీనిక్స్ సంస్థ యిట్టి వ్రాతనే అడిగినవారికెల్ల అమ్మసాగెను. ఇక కోట తలుపు మూయుట ఎవరితరము? 1987లో ఐ.బి.ఎం. వారు పి.ఎస్.2 అను క్రొత్త యంత్రములతో మూయజూచిరి గాని, మఱుసటి యేడే తొమ్మిది సంస్థలు కూడి వేఱు మార్గము ప్రకటించినవి. నాటినుండి ఈ యంత్రమునకు యజమాని లేడు.

ప్రాసెసరు విషయమునను ఇట్టి కథయే కలదు. ఒక్క బావినే నమ్ముకొని సేద్యము చేయరాదని ఐ.బి.ఎం. వారు పట్టుపట్టగా, ఇంటెల్ వారు 1982లో ఏ.ఎం.డి. సంస్థతో ఒప్పందము చేసికొనిరి. ఆ పిమ్మట ఇరువురకు వ్యాజ్యము పడి 1995లో గాని పూర్తిగా తీఱలేదు. ఐనను నేడు కొనువాడు ఒకరి వెల చూపి మఱియొకరి వెలను ప్రశ్నింపగలుగుట ఆ ఒప్పందపు ఫలమే. అదే 1995లో ఏ.టి.ఎక్స్. అను కొలత వెలువడి, మదర్‌బోర్డు పొడవు వెడల్పులు, మేకు రంధ్రముల చోట్లు నిర్ణయమైనవి. ఒక ఊరి చక్రము మఱియొక ఊరి ఇరుసునకు పట్టినట్లు, తైవానులో చేసిన బోర్డు ఏ పెట్టెలోనైనను ఇముడజొచ్చెను. మన దేశము 1997లో సమాచార సాంకేతిక వస్తువుల ఒడంబడికలో చేరి, 2005 నాటికి వీనిపై దిగుమతి సుంకమును తీసివేసెను. ఢిల్లీలో నెహ్రూ ప్లేసు, చెన్నపట్టణమున రిచ్చీ వీధి, మన సికింద్రాబాదులో చెనాయ్ ట్రేడ్ సెంటరు ఇట్టి విడిభాగముల వర్తకమునకు పేరుపడినవి.

ఇక ఆట. 1993లో వెలువడిన డూమ్ అను ఆటలో బొమ్మలనన్నిటిని ప్రాసెసరు ఒక్కటియే గీసెడిది. 1996లో త్రీడీఎఫ్ఎక్స్ అను సంస్థ వూడూ అను కార్డును తెచ్చెను. అది లోతుగల బొమ్మలను మాత్రమే గీయును. మామూలు అక్షరములు తెఱపై చూపుటకు మఱియొక కార్డు ప్రక్కన ఉండవలసినదే. అంధపంగు న్యాయమునకు ఇంతకంటె చక్కని ఉదాహరణము నాకు దొరకలేదు. 1999లో ఎన్విడియా సంస్థ జీఫోర్స్ 256 అను కార్డును తెచ్చి మఱింత పనిని దానికి అప్పగించెను. 2000 డిసెంబరులో త్రీడీఎఫ్ఎక్స్ వారి సొత్తును ఎన్విడియా వారే కొనిరి. 2006లో ఏ.ఎం.డి. వారు బొమ్మల కార్డులు చేయు ఏ.టి.ఐ. సంస్థను కొనిరి. ఈ కొనుగోలే బీదవాని ఆటకు దారి తీసినది. 2011 నాటికి ఇంటెల్, ఏ.ఎం.డి. సంస్థలు రెండును ప్రాసెసరు బిళ్లలోనే చిత్రభాగమును ఇమిడ్చినవి. 2018 ఫిబ్రవరిలో ఏ.ఎం.డి. వారు రైజెన్ 3 2200జి అను దానిని 99 డాలర్లకు విడుదల చేసిరి. వేఱుగా కార్డు కొనకయే తేలికపాటి ఆటలు చక్కగా ఆడవచ్చునని అది నిరూపించెను.

చౌకవస్తువు అన్నంతమాత్రమున అది చెడ్డది కాదు. ఎచ్చట కోసి చౌక చేసిరో చూడవలెను. 1998 ఏప్రిల్‌లో ఇంటెల్ వారు సెలెరాన్ అను చౌక ప్రాసెసరును తెచ్చిరి. వెల తగ్గించుటకై ప్రాసెసరు చెంతనుండు చిన్న జ్ఞాపకభాగమును, అనగా రెండవ శ్రేణి క్యాషును, పూర్తిగా తీసివేసిరి. కిరాణా వర్తకుడు చక్కెర, చింతపండు చేతికందునట్లు పెట్టుకొనక ప్రతి గిరాకికిని గిడ్డంగికి పరుగెత్తినట్లయ్యెను. జనులు పెదవి విఱిచిరి. నాలుగు మాసములకు, అదే యేటి ఆగస్టులో, 300ఏ అను మఱియొక సెలెరాన్ వచ్చెను. ఇందులో 128 కిలోబైట్ల క్యాషును ప్రాసెసరు బిళ్లలోనే పొదిగిరి. వెల 149 డాలర్లు. 66 మెగాహెర్ట్‌జ్ వడితో నడువవలసిన త్రోవను 100కు మార్చినచో, 300 వడిగల ఆ ప్రాసెసరు 450 వడితో పరుగెత్తుటయు, పలువురు అట్లే వాడుకొనుటయు ఆ కాలమున ప్రసిద్ధము. రెండును చౌకవే, రెంటికిని పేరొక్కటే!

పేరును నమ్మరాదనుటకు మఱియొక సాక్ష్యము. 2017లో ఎన్విడియా వారి జి.టి. 1030 అను చిన్న కార్డు వచ్చెను. 2018లో అదే పేరుతో వేఱు రకపు జ్ఞాపకభాగముతో ఇంకొకటి వచ్చెను. మొదటిదానిలో సెకనుకు 48 గిగాబైట్లు ప్రవహింపగా, రెండవదానిలో 17 అయినను పూర్తిగా లేదు. అంగడిలో అడుగువాడు పేరు మాత్రమే అడుగును గదా.

మొన్నటి సంవత్సరము మా వీధిలోని యొక కుఱ్ఱవాడు పట్టణమున ఒక అంగడివారు వ్రాసియిచ్చిన చీటీని నా యొద్దకు తెచ్చెను. ముప్పది యేండ్లు తెలుగు పాఠములు చెప్పినవాడను గనుక, నేను ముందుగా అక్షరములనే చూతును. అందలి ప్రాసెసరు పేరు చివర 'ఎఫ్' అను అక్షరమున్నది. ప్రత్యయము చిన్నదైనను అర్థమును తలక్రిందులు చేయును గదా. 'ఎఫ్' అనగా అందు చిత్రభాగము లేదని అర్థము. దానితో కార్డు కొనక తప్పదు. అందుచేత పాత బలహీనపు కార్డు నొకదానిని జోడించిరి. ర్యాము ఒక్క పలక. పవర్ సప్లై పెట్టెతో పాటు ఉచితమని వ్రాసిరి. పెట్టెకు మాత్రము అద్దపు తలుపు, రంగురంగుల దీపములు కలవు. అవి అజాగళస్తనములు; మేక మెడక్రింద వ్రేలాడును, పాలియ్యవు.

మేమిరువురము కూర్చుండి ఆ చీటీని మఱల వ్రాసితిమి. ఎఫ్ గల ప్రాసెసరును, బలహీనపు కార్డును కొట్టివేసి, మంచి చిత్రభాగము గల ప్రాసెసరు నొకదానిని వ్రాసితిమి. పిల్లవాడు ఆడునది మైన్‌క్రాఫ్ట్, వాలొరెంట్ వంటి ఆటలే గనుక అది చాలును. ఇట్టి ప్రాసెసరులో లెక్క చేయు భాగమునకును, బొమ్మ గీయు భాగమునకును ర్యాము ఒక్కటియే దేహళీదీపము. గడపమీది దీపమువలె లోపలికిని బయటికిని వెలుగియ్యవలెను. అందుచేత 16 గిగాబైట్ల పలక ఒకటి కొనుటకంటె 8 గిగాబైట్ల పలకలు రెండు కొనుట మేలు. నీరొక్కటియే యైనను బావికి రెండు మోటలు కట్టినచో మడి త్వరగా తడియును. ఆటలో ఈ భేదము కంటికి కనబడును.

పవర్ సప్లై విషయమున నేను మొండివాడను. అది చెడునప్పుడు తానొక్కటియే చెడక ప్రక్కవానిని కూడ తీసికొనిపోవచ్చును. మన యూళ్ల కరెంటు సంగతి మీకు వేఱుగా చెప్పనేల? 2004లో మొదలైన 80 ప్లస్ అను ముద్ర కరెంటు వృథా కాకుండుటకు గుఱుతు. దానితోపాటు పేరుగల తయారీదారును, కొన్నేండ్ల వారంటీని చూడవలెను. ఉచితముగా వచ్చినదానిని ఉచితముగనే వదలవలెను. నిలువచేయు భాగము ఎస్.ఎస్.డి. కావలెను, తిరుగుడు పళ్లెముల హార్డు డిస్కు పై యంత్రము మూలుగుచు లేచును.

బోర్డును ఎన్నుకొనునప్పుడు వంశవృక్షమును అడుగవలెను. ప్రాసెసరును కూర్చుండబెట్టు సాకెట్టు ఎంతకాలము నిలుచునో అదియే ముఖ్యము. 2017లో ఏ.ఎం.4 సాకెట్టు గల బోర్డు కొన్నవారిలో పెక్కురు, బయాస్ వ్రాతను సవరించుకొని, 2022లో వెలువడిన ప్రాసెసరును అందే పెట్టగలిగిరి. ఆ కాలముననే ఇంటెల్ వారి సాకెట్టు 2020లో ఒకటి, 2021లో మఱియొకటి. ర్యాము రకమును బోర్డుతో సరిచూడవలెను. డి.డి.ఆర్.4 పలక డి.డి.ఆర్.5 గాడిలో పట్టదు, నొక్కినచో విఱుగును.

కాలమును కూడ చూడవలెను. 2017లోను, మఱల 2021లోను, లెక్కల నాణెములను త్రవ్వువారు బొమ్మల కార్డులనన్నిటిని ఊడ్చుకొనిపోగా వెలలు మండిపోయినవి. 2022 సెప్టెంబరు 15న ఇథీరియమ్ అను నాణెపు పద్ధతి మాఱుటతో ఆ గిరాకి అణగెను. 2025 చివర కృత్రిమ మేధ యంత్రశాలల గిరాకిచే ర్యాము వెల పెరిగినది. ఇట్టి తరుణమున ర్యాము ఎక్కువగా పోగుచేయక, బోర్డులో నాలుగు గాళ్లు గలదానిని కొని రెండు నింపి రెండు ఖాళీగా ఉంచుట నాకు నచ్చిన పద్ధతి.

ఇక ఒక్క మాట చెప్పి విరమింతును. సొమ్ము చెల్లించునప్పుడు "కంప్యూటరు ఒకటి" అని బిల్లు తీసికొనకుడు. ప్రాసెసరు, బోర్డు, ర్యాము, ఎస్.ఎస్.డి., పవర్ సప్లై అని విడివిడిగా పేరును, సంఖ్యయు, వెలయు వ్రాయించుకొనుడు. వారంటీ భాగము భాగమునకు వేఱు. పొట్లములమీది సంఖ్యలను పిల్లవానిచేత అక్కడనే సరిచూపించుడు. అట్లు వ్రాయుటకు సమ్మతింపని అంగడిలో కొనకుడు; ప్రక్క అంగడి తెఱచియే యుండును. తెచ్చిన బిల్లును పొలము పాసుపుస్తకము దాచిన పెట్టెలోనే దాచుడు.