అన్నవరము రైలుస్టేషను

చరిత్రమనగానే మనవారు శాసనములను, కోటగోడలను వెదకుదురు. రైలుబండి రెండు నిమిషములాగి సాగిపోవు చిన్న స్టేషనుకును చరిత్ర కలదని తలపరు. కాని అన్నవరపు లెక్క వ్రాయువాడు రెండు కాలములను ప్రక్కప్రక్కన వేసికొనక తప్పదు.

మొదటిది 1891. ఖరనామ సంవత్సర శ్రావణ శుద్ధ విదియనాడు రాజా ఇనుగంటి వేంకట రామనారాయణింవారి పూనికతో రత్నగిరిపై శ్రీ సత్యనారాయణస్వామి ప్రతిష్ఠితుడయ్యెను. రెండవది 1893–1896. కటకమునుండి బెజవాడవఱకు ఈస్టుకోస్టు రైలుమార్గము ఆ సంవత్సరములలో పూర్తియై, తుని సామర్లకోటల నడుమ ఈ కొండ చెంతనుండి సాగెను.

ద్రాక్షారామ భీమేశ్వరుని మహిమను శ్రీనాథ మహాకవి పురాణముగా రచించి, రైలు రాకకు నాలుగు శతాబ్దములకు పైగా ముందే లోకమునకు చాటెను. రత్నగిరికి అట్టి ప్రాచీనకవి లేడు. ఈ నూతన క్షేత్రపు కీర్తిని దూరదేశములకు మోసినవానిలో రైలును ముందుగా చెప్పవలెను.

తొలినాళ్లలో ఆ ప్రయాణమును సుకరము కాదు. 1900లో రాజమహేంద్రవరముకడ హేవలాకు వంతెన తెఱచువఱకు ఇనుపదారి గోదావరి గట్టున తెగియుండెను. కృష్ణాజిల్లా యాత్రికుడు కొవ్వూరువైపున దిగి, నదిని దాటి, ఈవల మరల బండి యెక్కవలసియుండెను. రమారమి 2.7 కిలోమీటర్ల ఆ వంతెన 1997వఱకు రైళ్లను మోసెను.

ఇంతకును సత్యదేవుని వ్రతము గృహస్థుల వ్రతము. దంపతులు పీటలపై కూర్చుండి ఇంటనే చేసికొనదగినది. అట్టిదానిని స్వామి సన్నిధిని చేయవలెనన్న కోరిక సామాన్యులకు తీరుటకు దారి సులువు కావలెను. ఎడ్లబండిపై దినములు పట్టు పయనమును రైలు గంటలలోనికి దించెను. పసుపుబట్టల నవదంపతులు వేకువను దిగుటయు, వ్రతము ముగించి, గోధుమనూక ప్రసాదపు ఆకుపొట్లముతో మరల ప్లాట్‌ఫారము చేరుటయు ఈ స్టేషనుకు నిత్యదృశ్యములు. కార్తికమున ఆ రద్దీ చెప్పనలవి కాదు.

యాజమాన్యములు పెక్కుమార్లు మారెను. 1901లో మద్రాసు రైల్వే, 1908లో మద్రాసు దక్షిణమహారాష్ట్ర రైల్వే, 1951లో దక్షిణరైల్వే, 1966 అక్టోబరు 2న దక్షిణమధ్యరైల్వే ఈ మార్గమును చేపట్టినవి. పేర్లు మారినను యాత్రికుని గమ్యము మారలేదు.

ఇవి పెద్ద కాగితములకెక్కిన సంగతులు. మూటలు మోసినవారు, జట్కాలు తోలినవారు, స్టేషను వాకిట బ్రతుకు వెళ్లదీసినవారు ఏ దస్త్రమునను లేరు. వారి మాటలు వృద్ధుల నోళ్లలోనే యున్నవి. అవి అణగిపోకముందే వ్రాసి భద్రపఱచుట మన గ్రంథాలయము ఈ రజతోత్సవ సమయమున చేపట్టదగిన పని.