నాలుగు నిమిషాల్లో శాంటియాగో

1947 ఆగస్టు 2, సాయంత్రం 5.41. చిలీలోని శాంటియాగో విమానాశ్రయానికి మోర్స్ సంకేతాల్లో కబురు అందింది: 5.45కు దిగుతున్నాం. పంపింది ‘స్టార్ డస్ట్’. యుద్ధకాలపు లాంకాస్టర్ బాంబర్‌ను ప్రయాణికుల కోసం మార్చి కట్టిన బ్రిటిష్ విమానమది. ఆ మధ్యాహ్నం బ్యూనస్ ఎయిర్స్‌లో లేచింది. నేరుగా కొలిస్తే 1,100 కిలోమీటర్ల పైచిలుకు దారి, మధ్యలో ఆండీస్. లోపల పదకొండుమంది. విమానం రాలేదు. ఎంత గాలించినా రేకుముక్క కూడా దొరకలేదు.

కబురు చివర ‘స్టెన్‌డెక్’ అని ఎవరికీ అంతుపట్టని మాట ఒకటుంది. మళ్లీ చెప్పమంటే మళ్లీ అదే వచ్చింది. ఇక ఊహలకు కొదవేముంది! ప్రయాణికుల్లో బ్రిటిష్ రాజు దూత ఉన్నాడు గనక బాంబు పెట్టారన్నారు. ఎగిరే పళ్లేల పనన్నవాళ్లూ ఉన్నారు. ఆ మాటనే పట్టుకు వేలాడి, పక్కనున్న అంకెను వదిలేశారనిపిస్తుంది నాకు. అసలు ఆధారం ఆ 5.45.

1998లో టుపున్‌గాటో కొండ మీది హిమానీనదంలో ఇద్దరు అర్జెంటీనా పర్వతారోహకులకు రోల్స్ రాయిస్ ఇంజిన్ శకలం కనిపించింది. 2000లో సైనిక బృందం ఎక్కింది. ప్రొపెల్లర్ దెబ్బతిన్న తీరు చూస్తే ఢీకొన్న క్షణానికి ఇంజిన్లు మామూలు వేగంతోనే తిరుగుతున్నాయి. చక్రాలు లోపలికి ముడిచే ఉన్నాయి. గాల్లో పేలి ఉంటే శకలాలు మైళ్ల కొద్దీ చెదిరేవి. ఇవి ఒక్కచోటే ఉన్నాయి. బాంబు కథ అక్కడితో సరి. దిగడానికి తంటాలు పడిన జాడా లేదు. నిక్షేపంగా ఉన్న విమానం తిన్నగా వెళ్లి కొండను గుద్దుకుంది.

ఆ చోటు శాంటియాగోకు తూర్పున దాదాపు 80 కిలోమీటర్లు. గంటకు 400 కి.మీ. పోయే విమానం నాలుగు నిమిషాల్లో సాగేది పాతిక కిలోమీటర్లకు కాస్త పైన. మిగతా యాభై చిల్లర ఏమైనట్టు?

గాలి మింగింది. ఆండీస్ పైన పడమటి నుంచి వీచే జెట్ స్ట్రీమ్ గంటకు 160 కి.మీ. దాటగలదు. మంచు తుఫాను మీదుగా పోదామని స్టార్ డస్ట్ 7,300 మీటర్లకు ఎక్కింది, సరిగ్గా ఆ గాలికి ఎదురుగా. విమానంలోని వేగమాపకం గాలిని బట్టే వేగం చెబుతుంది, నేల మీద ఎంత దూరం సాగామో దానికి తెలియదు. ఏటికి ఎదురీదేవాడు గట్టు చూడకుండా బారలు మాత్రమే లెక్కపెట్టుకున్నట్టు. కింద అంతా మబ్బు. ఎదురుగాలి అంచనాను గంటకు 55 కి.మీ. మించినా చాలు, ఒక్క గంటలో ఆ తేడా వచ్చేస్తుంది. కొండలు దాటేశామనుకుని కిందికి దించారు. 6,570 మీటర్ల టుపున్‌గాటో ఇంకా ముందే ఉంది.

మరి యాభై ఏళ్ల దాకా ఎందుకు కనబడలేదు? గుద్దిన అదురుకు పైనుంచి మంచు విరుచుకుపడి విమానాన్ని పూడ్చేసి ఉంటుంది. ఏటేటా పేరుకున్న మంచు గట్టిపడి, శకలాలను తనలో కలుపుకుని వాలు వెంట జారింది. కింద కరిగేచోట వాటిని బయటపెట్టింది.

కెప్టెన్ రెజినాల్డ్ కుక్ తప్పేమీ లేదని 2000లో అర్జెంటీనా వైమానిక దళం తేల్చింది. సబబే. ఆ రోజుల్లో అంత ఎత్తుకు ఎక్కే ప్రయాణికుల విమానాలే అరుదు, అక్కడి గాలిని చవిచూసిన పైలట్లు మరీ అరుదు.