హైదరాబాద్ ఎఫ్‌సీ: ప్రధాన ఫార్వర్డ్ అన్వేషణ

హైదరాబాద్ ఎఫ్‌సీ 2019లో ఏర్పడి ఇండియన్ సూపర్ లీగ్‌లో ఆడుతూ వచ్చిన ఫుట్‌బాల్ క్లబ్బు. దాని తొలి ఏళ్ల ఎదుగుదల చాలావరకు నమ్మదగిన ప్రధాన ఫార్వర్డ్ కోసం, అంటే ప్రత్యర్థి గోలు ముందు నిలిచి అందిన బంతిని గోలుగా మలిచే ఆటగాడి కోసం, సాగిన అన్వేషణతో ముడిపడి ఉంది. తొలి సీజన్‌లో మార్సెలిన్యో, బోబో వంటి బ్రెజిల్ ఆటగాళ్లున్నా జట్టు అట్టడుగున నిలిచింది. లోపం దాడిలో కన్నా రక్షణలోనే ఎక్కువన్నది నిజం. మనోలో మార్కెజ్ శిక్షకుడిగా వచ్చాక, 2020–21లో స్పెయిన్‌కు చెందిన అరిడానె సాంటానా 10 గోల్స్ చేయగా జట్టు ఐదో స్థానానికి ఎగబాకింది.

అతని తరువాత వచ్చిన నైజీరియా ఆటగాడు బార్తలోమ్యూ ఓగ్‌బెచె 2021–22లో 18 గోల్స్‌తో లీగ్‌లో అగ్రస్థానం పొందడంతో అన్వేషణ ఫలించింది. అయితే, 2022 మార్చి 20న కేరళ బ్లాస్టర్స్‌పై జరిగిన ఫైనల్లో సమం చేసిన గోలు మిడ్‌ఫీల్డర్ సాహిల్ టవోరాది, పెనాల్టీ షూటౌట్‌లో గెలిపించినది గోల్‌కీపర్ లక్ష్మీకాంత్ కట్టిమణి. ఓగ్‌బెచె వెళ్లిపోయాక, ఆర్థిక ఇబ్బందుల నడుమ 2023–24లో క్లబ్బు ఒకే ఒక్క విజయంతో మళ్లీ చివరి స్థానంలో నిలిచింది.