లోతు నీళ్ళ చేప, మునిగిన ఊర్ల కథ

ట్రౌట్ చేపకి చల్లటి నీళ్ళు కావాలి, అందుకే బ్రిటిష్ వాళ్ళు దాన్ని కశ్మీర్‌కీ, నీలగిరికీ తెచ్చారు. మన పాలమూరులో లోతు నీళ్ళ వేట అంటే శ్రీశైలం బ్యాక్‌వాటరే. న్యూస్‌లో వినే 885 అడుగులు లోతు కాదండీ, సముద్ర మట్టం నుంచి లెక్క.

1963లో నెహ్రూ శంకుస్థాపన చేశారు, 1980ల్లో నీళ్ళు నిండాయి. వందకు పైగా ఊర్లు మునిగాయి. కూడవెల్లి సంగమేశ్వరాలయాన్ని ఏ రాయికి ఆ రాయి విప్పి, ఇప్పటి గద్వాల జిల్లా అలంపూర్‌లో మళ్ళీ కట్టారు. జటప్రోలు గుళ్ళనీ అలాగే తరలించారు. గుడిని తరలించొచ్చు, చేనుని ఎలా తరలిస్తాం?

అందుకే భూమి పోయినవాళ్ళలో కొందరు చేపల వేటకి దిగారు. నాగర్‌కర్నూల్ జిల్లా సోమశిల వైపు వెళ్తే పుట్టిలో కూర్చుని వల వేసేవాళ్ళు కనిపిస్తారు. ఆ నీళ్ళ అడుగున ఒకప్పటి పొలాలే ఉన్నాయి.

ఇప్పుడు ఆ చేపకీ ముప్పొచ్చింది. అలివి వల కళ్ళు ఎంత సన్నవంటే, వేలెడంత పిల్ల చేప కూడా తప్పించుకోలేదు. నిషేధం ఉన్నా ఆ వేట ఆగట్లేదు. పిల్ల చేప బతికితేనే కదా రేపు బొచ్చె, రవ్వ వలలో పడేది! చేను పోయినోళ్ళకి చేపన్నా మిగలాలి.