ఊరు మారునపుడు ఊరివారి మాట



మన బాన్సువాడకును, చుట్టుపట్ల పల్లెలకును మంజీర తల్లివంటిది. ఆ నదికి అచ్చంపేట, బంజెపల్లి గ్రామముల నడుమ 1923వ సంవత్సరమున ఆనకట్ట నారంభించి 1931లో ముగించిరి. అదియే నిజాంసాగరము. నవాబు అలీ నవాజ్ జంగ్ బహదూరుగారు దాని యింజనీరు. ఆ నీటి మహిమను నేను వర్ణింప బనిలేదు. వరిమళ్లును, చెరకుతోటలును తామే చెప్పుచున్నవి. అయితే ఆ నీటి క్రింద పల్లెలతోబాటు ఒక ప్రశ్నయు మునిగినది. నేడు దానినే పైకి దీయ దలచితిని.

నేను బడిపంతులుగా నున్న దినములలో ఒక వృద్ధుడు కట్టమీద నిలిచి, "పంతులూ, మా ఇల్లు అగో, ఆ నీళ్ల నడుమ ఉండె" అని చేయి చూపెను. "కట్టునపుడు మీవారి నడిగిరా?" అంటిని. అతడు నవ్వి, "మా నాయినకు చెప్పిండ్రు. అడగలే" అనెను. చెప్పుట వేరు, అడుగుట వేరు. ఊళ్ల చరిత్ర నంతటిని ఈ రెండు మాటల నడుమ పెట్టి చూడవచ్చును.

నీరు వచ్చిన పిమ్మట నేల విలువ పెరిగెను. కృష్ణా, గోదావరీ, గుంటూరు మండలముల నుండి నీటిసేద్యము నెరిగిన రైతులు వచ్చి, భూములు కొని, క్రొత్త యూళ్లు కట్టుకొనిరి. నేటికిని బాన్సువాడ, వర్ని, కోటగిరి ప్రాంతములందు ఊరిపేరు చివర 'క్యాంపు' అను మాట వినబడుచున్నది. వారు కష్టజీవులు, వారియందు దోష మెంచరాదు. కాని నేల విలువ పెరిగినపుడు లాభము దానిని పట్టుకొనియున్న వానిదే. విలువ తెలియకముందే అమ్ముకొన్నవానికిని, కౌలుదారునకును, కూలివానికిని అందు పాలులేదు. పల్లెలోనేమి, పట్టణములోనేమి, ఈ న్యాయ మొక్కటే.

పట్టణపు కథయు వినుడు. 1908 సెప్టెంబరు 28వ తేదీన మూసీ పొంగి హైదరాబాదు నగరమున వేలకొలది ప్రాణములను బలిగొనెను. మోక్షగుండం విశ్వేశ్వరయ్యగారి సలహాననుసరించి ఎగువను ఉస్మాన్‌సాగర్, హిమాయత్‌సాగర్ చెరువులు వెలసినవి. 1912లో నగరాభివృద్ధికై ఒక సంస్థ యేర్పడి, ఇరుకుపేటలను తొలగించి, రాచబాటలు వేయించి, పత్తర్‌గట్టి వంటి అంగళ్లను గట్టించెను. గాలి వెలుతురు లేని గల్లీలు పోవుట మేలే. అయినను ఆ సంస్థ ప్రభువు నియమించినది. తొలగింపబడు పేటలవారు దాని నెన్నుకొనలేదు. ఆనాడు రాచరికము గనుక అట్లు జరిగెనందురేమో. అదే మూసీ యొడ్డున 2024 సెప్టెంబరులో, ప్రజాప్రభుత్వపు దినములలో, నదిని బాగుచేయు పనికై ఇండ్ల గోడలపై ఎర్రరంగుతో గుర్తులు వేసిరి. వేరుచోట రెండు పడకగదుల యిండ్లిత్తుమనిరి. కొందరు వెడలిరి; పలువురు వీధిలోనికి వచ్చి మొరపెట్టుకొనిరి. గోడపై గుర్తు పడిన తరువాత ఇంటివాని నడుగుట గతజలసేతుబంధనము గాదా?

ఇక చట్టము మాట. బ్రిటిషు ఇండియాలో 1894 నాటి భూసేకరణ చట్టమున తొలుత ఆక్షేపణకు తావే లేదు. 1923లో సవరణ చేసి, ముప్పది దినములలో ఆక్షేపణ దెలుపవచ్చుననిరి. మన ఆనకట్ట యారంభమైనదియు ఆ సంవత్సరముననే. కాని నిజాము రాజ్యము వేరగుటచే ఆ సవరణ ఇచట చెల్లలేదు. చెల్లినచోటనైనను అది భూమియందు హక్కుగలవాని గొంతు మాత్రమే. ఇంచుమించు తొంబది యేండ్లకు, 2013 నాటి చట్టము భూమి లేకున్నను దానిపై బ్రతుకువానిని లెక్కలోనికి దెచ్చెను. పని వలన కలుగు మంచిచెడ్డలను ముందుగా విచారింపవలెననియు, గ్రామసభతో సంప్రదింపవలెననియు శాసించెను.

2015లో మన రాష్ట్రమున 123వ నంబరు ఉత్తరువు వెలువడెను. దాని ప్రకారము ప్రభుత్వము భూమిని యజమాని వద్ద నేరుగా కొనును. యజమానికి సొమ్ము ముట్టును. ఆ చేలలో కూలిచేయువాని పని పోవును. జహీరాబాదు ప్రాంతపు వ్యవసాయ కూలీలు ఉన్నత న్యాయస్థానమున కెక్కగా, 2016 ఆగస్టులో న్యాయమూర్తి ఆ యుత్తరువును కొట్టివేసిరి. ప్రభుత్వము అప్పీలు చేసెను. 2017లో రాష్ట్ర సవరణ చట్టము వచ్చి, కొన్ని తరగతుల పనులకు ఆ ముందస్తు విచారణ నుండి మినహాయింపు నీయవచ్చుననెను. గెలిచిన హక్కును కాపాడుకొననిచో నిలువదని దీనివలన నెరుగవలెను.

ఈ ప్రశ్న మన గడపలోనికిని వచ్చినది. 2018లో బాన్సువాడ పురపాలక సంఘమయ్యెను. గౌరవమే, దీపములు, రోడ్లు, కాలువలు వచ్చును. కాని పంచాయతితో గ్రామసభయు పోయెను. గ్రామసభలో ఓటుగల ప్రతి మనుష్యుడును సభ్యుడే; 2018 నాటి పంచాయతిరాజ్ చట్టము ప్రకారము అది రెండు మాసముల కొకసారి కూడవలెను. పట్టణములకు వార్డు సంఘములను రాజ్యాంగము నిర్దేశించినది మూడు లక్షల జనాభా గలచోటనే. ఆ లోటు తీర్చుటకు 2019 నాటి తెలంగాణ పురపాలక చట్టము ప్రతి వార్డునకు నాలుగు సంఘములు పెట్టెను: యువకులకు, స్త్రీలకు, వయోవృద్ధులకు, ప్రముఖులకు. ఒక్కొక్క సంఘమున పదునైదుగురు.

పెద్దలారా! వృద్ధుల సంఘము మీ కొరకే యున్నది. అది కాగితముపై నుండునో, అరుగుమీద కూర్చుండునో మీచేతిలోనిది. రోడ్డు వెడల్పు చేయుదురన్నను, పాత బజారు తీసి క్రొత్తది కట్టుదురన్నను, నక్షా గీయకముందే చూపుమని యడుగుడు. అడుగబోవునపుడు అద్దెకున్నవానిని, తోపుడుబండివానిని, కూలివానిని వెంటబెట్టుకొని పొండు. స్వంత యిల్లుగలవాడు మాత్రమే మాటలాడిన అది సగము ఊరి మాటయే. చెప్పిన మాటను సభ పుస్తకములో వ్రాయించి, చదివించుకొని, పిమ్మట లేవుడు. ఇంకను గ్రామసభ గల పల్లెలవారు, అది యున్నన్నాళ్లు, దానికి తప్పక పొండు.

ఊరు మారక తప్పదు. మార్పును నే నాక్షేపింపను. రేపు మన మనుమడు క్రొత్త వీధిలో నిలిచి, "మా తాతకు చెప్పిండ్రు" అనకుండ, "మా తాతను అడిగిండ్రు" అని చెప్పుకొనగలిగిన చాలును.