బండ్లమీద వచ్చిన ఛాయాయంత్రము

మధురలో తిరుమల నాయకుని మహలు చూడని తెలుగు కుటుంబము ఆ సీమలో అరుదు. 1623 నుండి 1659 వరకు ఏలిన ఆ తెలుగు ప్రభువు కట్టడము, నేపియర్ గవర్నరు కాలమున మరమ్మతు జరుగుటకు ముందు ఎంత శిథిలమై యుండెనో 1858లో లినీయస్ ట్రైప్ తీసిన ఛాయాచిత్రములు చూపును.

మద్రాసు ప్రభుత్వ ఛాయాగ్రాహకుడైన ఈ సైనికాధికారి 1857 డిసెంబరులో ఎడ్లబండ్లతో బయలుదేరి శ్రీరంగము, పుదుక్కోట, మధుర, తంజావూరు తిరిగెను. నాడు చిత్రమును సుళువుగా పెంచు వీలు లేదు; నెగెటివు ఎంతయో పటమంతే. కావుననే పెట్టె పెద్దది, బరువు హెచ్చు. తడిపూత అద్దమైనచో ఆరకముందే అక్కడికక్కడే కడుగవలెను. మైనపు కాగితమును ముందే సిద్ధపరచి, పిమ్మట తీరికగా కడుగవచ్చును. దూరప్రయాణమునకు అది అనువని ఆయన దానిని వాడెను.

బండ్లు తోలినవారి, పెట్టెలు మోసినవారి పేర్లు ఆ పటముల క్రింద లేవు. జీవితమంతయు కాగితములు భద్రపరచిన గుమాస్తాగా నాదొక్కటే విన్నపము: మీ యిండ్లలోని పాతపటముల వెనుక పేర్లు నేడే వ్రాయుడు. చెప్పగల పెద్దలు ఇంకను ఉన్నారు.